ఒక బెంచీ, ఒక చెరువు, పోకీమాన్ గో: నా అనుభవం

మా వాడి గొడవ పడలేక ఫోన్‌లో పోకీమాన్ గో వేశాను, నిజం వీధుల్లో నడుస్తూ ఆడే ఆట అది. కొన్నాళ్లకు వాడు దాన్ని వదిలేసి ఫుట్‌బాల్‌లో పడ్డాడు. ఆట మాత్రం నాకు అంటుకుంది. మేముండేది లండన్‌కు రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్లో. ఆటలో ఆగి సామాన్లు తీసుకునే నిజమైన చోట్లను పోకీస్టాప్‌లంటారు. ఇక్కడ పోకీస్టాప్‌లంటే చర్చి, పబ్బు, యుద్ధంలో పోయినవాళ్ల స్మారకం, అంతే. నేను రోజూ నడిచే చెరువు గట్టున మొత్తం మీద ఒకటే ఉంది, అదీ బాతుల గురించి రాసిన సమాచార బోర్డు. ఇంకొకటి ఉంటే బాగుండుననుకున్నాను. ఆటలో ఒక స్థాయి దాటితే మనమే ప్రతిపాదించవచ్చట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ ఆటలో కనిపించే చోట్లను చాలావరకు ఆడేవాళ్లే సూచిస్తారు, వాటి మీద ఓటు వేసేదీ ఆడేవాళ్లే. 2019 నుంచి దీనికి వేఫేరర్ అని ఒక సైటు నడుస్తోంది. ఆ చోటు చూడదగ్గదైనా కావాలి, ఒళ్లు కదిలించడానికి పనికొచ్చేదైనా కావాలి, నలుగురు కలుసుకునేదైనా కావాలి. మూడింట్లో ఒకటి చాలు. దాంతోపాటు కదలకుండా ఒకచోట ఉండాలి, నడిచి వెళ్లగలగాలి, ఎవరింటి ఆవరణలోనూ స్కూల్లోనూ ఉండకూడదు. ఓటు వేసే హక్కు రావాలంటే ముందు చిన్న పరీక్ష పాసవ్వాలి. నేను ముందు రివ్యూలతోనే, అంటే ఇతరులు పంపినవాటి మీద ఓటు వేయడంతోనే మొదలుపెట్టాను. అక్కడే బెంచీల గోల ఏమిటో తెలిసింది.

ఇంగ్లండ్‌లో మనిషి పోతే, ఆ మనిషికి ఇష్టమైన చోట ఒక చెక్క బెంచీ వేయించి ఇత్తడి పలక బిగించడం మామూలు. దానికి కౌన్సిల్‌కు డబ్బు కట్టాలి. చాలాచోట్ల అది శాశ్వతం కూడా కాదు, కొన్నేళ్ల గడువు పెడతారు. అమెరికాలోనూ ఇలాంటిది ఉంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వేల డాలర్లు కడితే ఒక బెంచీకి మనం చెప్పిన మాట చెక్కిన పలక బిగిస్తారు. అందుకే ఆడేవాళ్లు పంపే ప్రతిపాదనల్లో, అంటే నామినేషన్లలో బెంచీలు వరసకట్టి వస్తుంటాయి. ఫొటోలో పలక, కింద పేరు, "ఈ చోటంటే ఆమెకు ప్రాణం" అని ఒక వాక్యం. పదింటిలో తొమ్మిదింటి మీద ఇదే మాట. చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది, ఓటు మాత్రం 'వద్దు' అనే వేస్తాను. ఆ పేరు ఆ ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, బెంచీ చూస్తే అన్ని బెంచీల్లాగే ఉంటుంది. పైగా కొడుకో కూతురో పూలు పెట్టి కూర్చునే చోట ముక్కూమొహం తెలియని నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడటం నాకు నచ్చదు. నిబంధనలు కూడా మామూలు మనుషుల సమాధులను, పలకలను ఒప్పుకోవు, ఆ ఊరికి ఆ మనిషితో ఏదో ముడి ఉంటే తప్ప.

ఓటు వేయడానికి సొంతూరితో పాటు ఇంకో చోటు కూడా పెట్టుకోవచ్చంటే నేను విజయవాడ పెట్టుకున్నాను. అక్కడి నామినేషన్లు చూస్తే నవ్వొచ్చేది. మన దగ్గర కూడా "కీ.శే. ఫలానావారి జ్ఞాపకార్థం, కుమారులు" అని పెయింటుతో రాసిన సిమెంటు బెంచీలకు కొదవ లేదు, గుళ్లో ఫ్యాన్ రెక్కల మీద కూడా దాత పేరుంటుంది. అయినా వాటినెవరూ పంపేవారు కాదు. కూడలికో విగ్రహం, వేపచెట్టుకో అమ్మవారు, రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ ఉండగా బెంచీ దాకా పోయే అవసరమేముంది?

ఇన్ని బెంచీలను కాదన్నదాన్ని, ఒక బెంచీనే నామినేట్ చేశాను. చెరువుకు అవతలి గట్టున, విల్లో చెట్టు కింద ఉంటుందది. ఓక్ కర్ర బూడిద రంగు తిరిగింది. కుడి చేతి కొయ్యకు తీగతో కట్టిన లావెండర్ గుత్తి ఎండి రాలిపోతుంటుంది. పలకకు నాలుగు మూలలా మరలు, ఒకటి మాత్రం కొత్తది, మెరుస్తుంటుంది. దాని మీద ఒక స్త్రీ పేరు, తేదీలు, "ఈ చెరువు ఇంకా ఇక్కడ ఉండటానికి కారణం" అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యమే నన్ను నిలబెట్టింది.

మొదటిసారి పంపితే వెనక్కి వచ్చింది. ప్రత్యేకత లేదు, మామూలు బెంచీ అని. ఓటు వేసినవాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. వాళ్లకు కనిపించింది ఫొటో ఒక్కటే, కథ వాళ్ల దాకా చేరలేదు.

కథ కోసం లైబ్రరీకి వెళ్లాను. పాత స్థానిక పత్రికల కట్టలు తిరగేస్తే దొరికింది. ఆ చెరువును పూడ్చి కార్లు పెట్టుకునే చోటు చేద్దామని ఒకప్పుడు ప్రతిపాదన వచ్చిందట. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగేసి ఆపించింది. గట్టు మీద కుక్కతో తిరిగే ఒక పెద్దాయనను అడిగితే, "నేనూ సంతకం పెట్టాను. టీ ఇచ్చేదాకా కదిలేది కాదమ్మా, టీ తాగాక కూడా కదిలేది కాదు" అని నవ్వాడు. ఇంగ్లిష్‌లో ఆయన అన్నది ఇంచుమించు అదే. ప్రతి ఏడాదీ వసంతంలో ఊరివాళ్లు చెరువు శుభ్రం చేసి, చివర ఆ బెంచీ దగ్గరే చేరతారని కూడా చెప్పాడు.

మళ్లీ పంపేటప్పుడు టైటిల్‌లో ఆవిడ పేరు పెట్టలేదు, "చెరువును కాపాడిన బెంచీ" అన్న అర్థం వచ్చేలా పెట్టాను. చుట్టుపక్కలను చూపే సపోర్టింగ్ ఫొటోలో బెంచీ, గట్టు, చెరువు, నడకదారి అన్నీ పడేలా వెనక్కి జరిగి తీశాను. వివరణలో పత్రిక సంగతి, ఏటా జరిగే శుభ్రం సంగతి రాశాను. "ఇక్కడ కూర్చుంటే ప్రశాంతంగా ఉంటుంది" లాంటి మాట ఒక్కటీ రాయలేదు. అలాంటివి ఎన్ని చదివానో నాకే తెలుసు.

రాస్తున్నంతసేపూ లండన్‌లోని పోస్ట్‌మన్స్ పార్క్ మనసులో ఉంది. సెయింట్ పాల్స్ కేథడ్రల్ చర్చి దగ్గరే. ఇతరులను కాపాడబోయి చనిపోయిన మామూలు మనుషుల కోసం జి.ఎఫ్. వాట్స్ అనే చిత్రకారుడు అక్కడ ఒక గోడ కట్టించాడు, 1900లో తెరిచారు. 1885లో మంటల్లోంచి ముగ్గురు పిల్లలను కాపాడి తను చనిపోయిన ఆలిస్ ఏయర్స్ పలక అందులో ఉంది. పేరున్న మనుషులెవరూ కారు, అయినా ఆ గోడ దగ్గర ఎవరైనా ఆగి చదువుతారు. రిచ్‌మండ్ పార్కులో గాయకుడు ఇయాన్ డ్యూరీ బెంచీకైతే ఒకప్పుడు హెడ్‌ఫోన్ తగిలించి పాటలు వినే ఏర్పాటు చేశారు. అక్కడ బెంచీయే ఒక వింత. నా బెంచీలో అలాంటి వింతేమీ లేదు. దానికి చెరువే సాక్ష్యం.

కొన్ని వారాల టెన్షన్ తర్వాత మెయిల్ వచ్చింది, ఒప్పుకున్నారని. మా వాడిని లాక్కుని గట్టుకు పరిగెత్తాను. ఫోన్‌లో ఏమీ లేదు! వాడు ఓసారి చూసి, "అమ్మా, అక్కడ బాతుల బోర్డు ఉందిగా" అన్నాడు. నిజమే. ఈ ఆట భూమినంతా గళ్లుగా కోసుకుంటుంది. దాదాపు 70 మీటర్ల గడికి ఒక్క పోకీస్టాపే. చిన్న చెరువు కావడంతో అవతలి గట్టు కూడా బోర్డున్న గడిలోనే పడింది.

ఒప్పుకున్న చోటు ఎక్కడికీ పోదు, పోకీమాన్ గో తయారుచేసిన నయాంటిక్ కంపెనీయే 2012లో మొదలుపెట్టిన ఇన్‌గ్రెస్ అనే ఇంకో ఆటలో పోర్టల్‌గా, అంటే జట్లు పట్టుకునే చోటుగా కనిపిస్తుంది. చూద్దామని అదీ వేసుకున్నాను. అందులో రెండు జట్లు, ఆకుపచ్చ, నీలం. నేను తెరిచేసరికే ఎవరో ఆకుపచ్చ జట్టువాళ్లు బెంచీని పట్టేసుకున్నారు. ఇక నేను నీలంలో చేరక తప్పలేదు.