తీసేసిన వచనమా, చేర్చిన వచనమా?

మా అమ్మ విశాఖలో, పెదవాల్తేరులో ఉంటుంది. మేం డల్లాస్‌లో. మాకు ఆదివారం రాత్రి, తనకు సోమవారం పొద్దున, వీడియోకాల్‌లో కుటుంబ ప్రార్థన. ఆ మధ్య అమ్మకు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. కొత్త ఇంగ్లిష్ బైబిళ్లలో వచనాలు తీసేస్తున్నారని, పిల్లల చేతిలో ఏముందో చూసుకోమని దాని సారాంశం. మొదటి ఉదాహరణ మత్తయి 17:21. మా పెద్దాడు తన ఎన్‌ఐవీ (ఇప్పటి ఇంగ్లిష్ అనువాదాల్లో ఒకటి) తెరిచాడు. 20 తర్వాత 22 ఉంది.

"అమ్మమ్మా, నిజంగానే లేదు!"

"చూసేవా, నే చెప్తే నమ్మవు గానీ! ముందా బైబిల్ మానిపించీ" అని అమ్మ నన్ను పట్టుకుంది.

మావాడికి పద్నాలుగేళ్లు. ఇక్కడి బళ్లో ప్రతిదానికీ ఆధారం ఏంటని అడగడం నేర్పుతారు. అమ్మేమో వాక్యం మీద చెయ్యి వేయకూడదంటుంది. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. ‘పెద్దవాళ్లతో వాదించకు’ అని వాణ్ణి కూర్చోబెడితే ఆ రాత్రికి గొడవ సద్దుమణిగేది, కానీ వాడు మళ్లీ ఆ పుస్తకం తెరిచేవాడు కాదు. అందుకని ఫోన్‌లో ఆ పేజీ పెద్దది చేసి, అడుగున చిన్నక్షరాల్లో ఉన్న నోట్ చదవమన్నాను. కొన్ని రాతప్రతుల్లో ఇక్కడ మార్కు 9:29లాంటి మాటలున్నాయని అక్కడే రాసి ఉంది. దాచిందేమీ లేదు. ఎన్‌ఏఎస్‌బీ అనే ఇంకో ఇంగ్లిష్ అనువాదం 1995 కూర్పు అయితే ఆ వచనాన్ని బ్రాకెట్లో పెట్టి పైనే ఉంచింది.

మరి అంకె ఎందుకు ఎగిరిపోయింది? కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల అంకెలు వేసింది 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు. ఆయన అచ్చు వేసిన గ్రీకు పాఠంలో ఆ వాక్యం ఉంది కాబట్టి దానికో అంకె పడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం కూడా ఆ కోవ పాఠాల నుంచి వచ్చిందే. వాటి వెనక ఉన్నవి ఎక్కువగా మధ్యయుగాల నకళ్లు. అంతకంటే చాలా పాతవైన 4వ శతాబ్దపు వాటికనస్, సైనాయిటికస్ ప్రతులు 19వ శతాబ్దంలో గానీ పండితులకు సరిగ్గా అందుబాటులోకి రాలేదు. వాటికనస్‌లో ఆ వాక్యం లేదు. సైనాయిటికస్‌లో మొదట రాసినవాడు రాయలేదు, తర్వాత దిద్దినవాళ్లు చేర్చారు. మార్కు 9:29లో ఇలాంటి మాటే ఉంది కదా, నకలు రాసేవాళ్లు దాన్నే ఇక్కడికీ తెచ్చారని పండితుల అభిప్రాయం. దిద్దుబాటు సంగతి వినగానే మావాడు డిటెక్టివ్ అయిపోయాడు.

ఏ ప్రతిని నమ్మారన్నది ఒక లెక్క, ఎలా తర్జుమా చేశారన్నది ఇంకో లెక్క. ఫార్వర్డులు ఈ రెండిటినీ కలిపేస్తాయి. ఇంగ్లిష్ అనువాదాల్లో ఎన్‌ఏఎస్‌బీ, ఈఎస్‌వీ మూలాన్ని మాట వెంట మాటగా పట్టుకుంటాయి. ఎన్‌ఎల్‌టీ భావం చూస్తుంది, ఎన్‌ఐవీ మధ్యలో నడుస్తుంది. మా చిన్నదానికి ‘ది మెసేజ్’ అంటే ఇష్టం. అది ఒక్క మనిషి తన మాటల్లో చెప్పిన బైబిల్, పడుకునే ముందు చదువుకోవడానికి బాగుంటుంది. దాన్ని పట్టుకుని వాదనకు దిగితే మాత్రం నేను ఒప్పుకోను.

అమ్మ మెత్తబడింది ఈ పండితుల మాటలకు కాదు, విశాఖ కథ విన్నాక. 1805లో లండన్ మిషన్ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ మన ఊళ్లోనే దిగి, తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లకు సాయం చేశాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత విశాఖలోనే పనిచేసిన ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. అమ్మ చేతిలో ఉన్నది అదీ కాదు, ఆ తర్వాత ఎందరో దిద్దగా వచ్చినది. "తెలుగులో దిద్దితే లేని తప్పు ఇంగ్లిష్‌లో దిద్దితే వచ్చిందా అమ్మా?" అన్నాను. ఔననలేదు, కాదనలేదు. "మన ఊర్లోనేనా!" అని మాత్రం రెండుసార్లు అంది.

పిల్లల అసలు ఇబ్బంది ఇంకొకటి. మామూలుగా "ఏటి తిన్నావురా" అనే అమ్మమ్మ కళ్లు మూసుకోగానే "స్తోత్రములు చెల్లించుచున్నాము" అంటుంది. వీళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. వాడుక తెలుగులో వచ్చిన అనువాదం ఫోన్‌లో వేసిచ్చాను. అమ్మకు నచ్చలేదు, పేపర్ చదివినట్టుందట. నాకూ కొంచెం అలాగే అనిపిస్తుంది. కానీ పిల్లలు తెలుగులో తడుముకుంటూనైనా సొంతంగా చదువుతున్నది అదొక్కటే, అందుకని ఉంచేశాను.

ఇప్పుడు మార్కు సువార్త చదువుతున్నాం, చివరికొచ్చేశాం. 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఆ రెండు పాత ప్రతుల్లోనూ లేవు. ఒకటి కాదు, 12 వచనాలు. మావాడు ఆ నోట్ అప్పుడే చూసేశాడు. వాడు ఆదివారం నోరు విప్పేలోపు అమ్మకు నేను ఫోన్ చెయ్యాలి.