రూట్ ట్యాన్ ఎక్స్‌తో కుస్తీ: ఎక్కడ ఆపాలి?

సీనియర్ ఇంటర్ ఇంటిగ్రేషన్‌లో ఫార్ములాలు, పార్షియల్ ఫ్రాక్షన్స్ పెద్దగా ఏడిపించవు. ఏడిపించేది రూట్ ట్యాన్ ఎక్స్. నిన్న రాత్రే దాని పని అయ్యింది, ఆ కోపం చల్లారకముందే రాస్తున్నా.

ట్యాన్ ఎక్స్‌ని టీ అనుకుంటే పైన రూట్ టీ అలాగే ఉండిపోతుంది. బై పార్ట్స్ వేస్తే ఇంటిగ్రల్ లోపలికి ఎక్స్ కూడా వచ్చి కూర్చుంటుంది, మొదటికన్నా అన్యాయం. టీ స్క్వేర్ అనుకుంటే రూట్ పోతుంది: పైన 2 టీ స్క్వేర్, కింద 1 ప్లస్ టీ పవర్ 4. ఇంతవరకు పడ్డ కష్టం దండగ కాదు, ప్రతి దారీ ఏదో ఒకటి తేల్చింది. ఆ తర్వాత కూడా పెన్ను మళ్లీ అవే దారులు పట్టిందంటే ఆపెయ్యాలి. ఆపేముందు ఎక్కడ ఇరుక్కున్నామో ఒక్క వాక్యం రాసుకోవాలి: "కింద టీ పవర్ 4 ఉంటే ఏం చెయ్యాలి?" ఆ వాక్యం రాకపోతే ఇంకాసేపు కూర్చోండి, సొల్యూషన్ చూసినా ఎక్కదు.

ఆ వాక్యం పట్టుకుని స్టడీ అవర్‌లో సార్ దగ్గరికి వెళ్లా. "టీ స్క్వేర్‌తో భాగించు, అంతే. ఇది కూడా రాకుండా ఐఐటీ బ్యాచ్‌లో ఎలా కూర్చున్నావ్?" అన్నారు, వెనక బెంచీ దాకా వినపడేట్టు. ఎందుకు భాగించాలో మాత్రం చెప్పలేదు. అడిగితే "సిలబస్ ఉంది" అని వాచీ చూసుకున్నారు. డౌట్ అడిగినవాడి పరువు తీసే సార్ల దగ్గరికి రాసుకున్న వాక్యం లేకుండా అసలు వెళ్లకండి.

ఆ ఎందుకు ఏమిటంటే, పైనా కిందా టీ స్క్వేర్‌తో భాగించాక పైన 2, కింద టీ స్క్వేర్ ప్లస్ 1 బై టీ స్క్వేర్ మిగులుతాయి. కిందిదాన్ని టీ మైనస్ 1 బై టీ హోల్ స్క్వేర్ ప్లస్ 2 అనొచ్చు, టీ ప్లస్ 1 బై టీ హోల్ స్క్వేర్ మైనస్ 2 అని కూడా అనొచ్చు. పైనున్న 2ని 1 ప్లస్ 1 బై టీ స్క్వేర్, 1 మైనస్ 1 బై టీ స్క్వేర్‌గా విడగొడితే అవి సరిగ్గా ఆ బ్రాకెట్ల డెరివేటివ్‌లే. ఒక ముక్క ట్యాన్ ఇన్వర్స్, రెండోది లాగ్. ఇప్పుడు మా రూమ్మేట్లకి ఇది చెప్పేది నేనే!

ఇలాంటి ట్రిక్ ఎంతసేపు కూర్చున్నా తట్టదు, ఎవరో ఒకరు చూపించాల్సిందే. సొల్యూషన్‌లో ఒక్క లైను చూసి, మిగతాది కాగితంతో మూసి, మీరే పూర్తి చెయ్యండి. మర్నాడు రూట్ కాట్ ఎక్స్ చెయ్యండి. అదే దారి, ముందు ఒక మైనస్ వస్తుంది. అది రాకపోతే నిన్న చూసింది బుర్రలో దిగనట్టే.

పరీక్షలో ఇంత ఓపిక పనికిరాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. దారి కనపడకపోతే వదిలి ముందుకెళ్లాలి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో ఏదో ఒక ఆప్షన్ నొక్కి రావాలి. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, అక్కడ ఈ గుడ్డి నొక్కుడు వద్దు.