మడ కాలువ పూడిక, తుఫాను భవనం తాళం

మా ఊరి మడ అడవి కమిటీ తీర్మానాల పుస్తకం పదకొండేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి రాత పని నాకు అప్పగించారు. ఈ మధ్య ఒక సాయంత్రం ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదువుతూ ఒక విషయం గమనించాను. మొక్కలు నాటిన రోజుల గురించి నేను వివరంగా రాశాను. వచ్చిన అధికారుల హోదాలు, నాటిన మొక్కల లెక్క, చివరికి పంచిన పులిహోర సంగతి కూడా అందులో ఉంది. కాలువల్లో పూడిక తీసిన రోజులకు మాత్రం ఒక్కొక్క వాక్యమే దక్కింది. ఇప్పుడు తీరం వెంట నడిచి చూస్తే, నిలబడిన మడంతా ఆ ఒక్క వాక్యం పనులు జరిగిన చోటనే ఉంది. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను.

మాది కాకినాడకు దక్షిణాన, తాళ్లరేవు వైపు, గోదావరి పాయలు సముద్రంలో కలిసే ప్రాంతం. కోరంగి అభయారణ్యం మా పక్కనే ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బయటివారికి ఇది పడవ షికారు, నీటిపిల్లి, చెక్క వంతెన ఉన్న చోటు. మాకు మాత్రం ఇది తుఫానులు వచ్చే దారి. 1789 డిసెంబరులో కోరంగి రేవును మూడు పెద్ద అలలు ముంచెత్తిన సంగతిని కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తన రచనల్లో నమోదు చేశాడు. పాము చుట్ట అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అనే పదాన్ని 1840లలో సృష్టించినవాడు కూడా ఆయనే. 1839 నవంబరు ఉప్పెన తరువాత ఓడలతో కళకళలాడిన ఆ రేవు మళ్లీ కోలుకోలేదు. పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు నేను హంపీ, ఓరుగల్లుల కంటే ముందు కోరంగి గురించే చెప్పేవాణ్ణి.

నా తరానికి గుర్తున్నది 1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజుల ముందు. చీకటి పడ్డాక మొదలైన గాలి మా బడి పెంకులను ఒక్కొక్కటిగా కాదు, వరుసలు వరుసలుగా లేపుకుపోయింది. తెల్లవారి చూస్తే కోనసీమ కొబ్బరితోటలు పడుకున్నట్టు ఒకే దిక్కుకు వాలి ఉన్నాయి. వేటకు వెళ్లిన మత్స్యకారులు వందల మంది తిరిగి రాలేదు. మొత్తం మీద వెయ్యి మందికి పైగా మరణించారు. నా తరగతిలో కూర్చునే పిల్లల్లో కొందరికి ఆ తరువాత తండ్రులు లేరు. హాజరు పట్టీలో తండ్రి పేరు గడి పక్కన ఏం రాయాలో తెలియక కొన్నాళ్లు అలాగే వదిలేశాను.

ఆ తరువాతి సంవత్సరాల్లోనే మా ప్రాంతంలో మడ అడవుల పునరుద్ధరణ ఊపందుకుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లోని ఊళ్లతో పని మొదలుపెట్టాయి. రిజర్వు అడవి ఉన్నచోట వన సంరక్షణ సమితి, అభయారణ్యం అంచున పర్యావరణ అభివృద్ధి కమిటీ అని పేర్లు వేరు కావచ్చు. ఊళ్లో అందరూ మడ కమిటీ అనే అంటారు. పని మాత్రం ఒక్కటే.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మడ అంటే మొక్క నాటడమే అనుకునేవారు చాలామంది ఉన్నారు. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుంది గాని, నిలవ ఉప్పును తట్టుకోలేదు. ఒకప్పుడు కట్టె కోసం వరుసగా నరికేసిన చోట నేల ఎండి, కుంగి, పళ్లెంలా తయారవుతుంది. పోటు నీరు అందులోకి వస్తుంది, ఆటుకు తిరిగి పోదు. ఎండకు ఆ నీరు ఆవిరై, ఉప్పు పేరుకుని, చివరికి తెల్లమడ విత్తనం కూడా మొలవని చవుడు పర్ర మిగులుతుంది. అటువంటి చోట ఎన్ని మొక్కలు నాటినా ఒక వేసవి దాటవు. అందుకే ముందు కాలువ తవ్వాలి. సహజంగా ఉన్న పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లు లాగా ఉంటుంది. రోజూ పోటుకు నీరు వచ్చి, ఆటుకు పోతూ, నేలలోని ఉప్పును కొద్దికొద్దిగా కడుగుతుంది. మొక్కలను గట్టు మీద కాకుండా, కాలువ అడుగున కాకుండా, వాలు మధ్యలో నాటుతారు. ఎత్తు తేడా జానెడు అయినా ఫలితం మారిపోతుంది.

ఈ లెక్కలు ఇంజనీర్లు గీసి ఇచ్చినవే అయినా, వాటి అర్థం నాకు తెలిసింది మా కమిటీలోని ఒక పెద్దావిడ వల్ల. పాయల్లో చేతులతో పీతలు పట్టి బతికిన మనిషి ఆవిడ. నేను మొక్కల లెక్క రాసుకుంటూ ఉంటే, “మాస్టారూ, మొక్క తర్వాత సంగతండి. నీరు ఆడితే మడ దానంతటదే వత్తాదండి” అన్నది. నిజంగానే, నీరు ఆడిన చోట మేము నాటని నల్లమడ, తిల్ల కూడా పోటుతో కొట్టుకొచ్చిన విత్తనాల నుంచి మొలిచాయి.

అయితే నీరు ఆడే కాలువ ఒండ్రును కూడా తెస్తుంది. గోదావరి ఒండ్రు ఎంతటిదో డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. మూడు నాలుగేళ్లు పట్టించుకోకపోతే చిన్న కాలువలు పూడిపోయి, నేల మళ్లీ పళ్లెం అవుతుంది. ఇక్కడే నా బాధ. కాలువ తవ్వడానికి పథకం ఉంటుంది, నాటడానికి నిధి ఉంటుంది, బోర్డు పెట్టడానికి కూడా ఖర్చు చూపుతారు. ఐదో ఏట పూడిక తీయడానికి ఏ పద్దు కిందా డబ్బు ఉండదు. మా కమిటీకి కూడా పథకం ముగిసిన తరువాత రెండేళ్లపాటు ఒక్క సమావేశం జరగలేదు. పుస్తకంలో ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండేళ్లలో పడమటి వైపు చేతి వెడల్పున ఎదిగిన చెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. కొత్త పథకాలు వస్తున్నాయి, సంతోషమే. 2023లో కేంద్రం తీరప్రాంత మడ అడవుల కోసం ‘మిష్టి’ అనే పథకాన్ని ప్రకటించింది. వాటిని అమలు చేసేవారిని నేను కోరేది ఒకటే: నాటే సంవత్సరానికి ఇచ్చే డబ్బులో కొంత తగ్గించి అయినా, తరువాతి పదేళ్ల పూడికకు దాచండి.

కమిటీని మళ్లీ కదిలించింది డబ్బు కాదు, పీతలు. కాలువలు పూడిన చోట మండపీతలు తగ్గాయని ముందు గమనించింది ఆడవాళ్లే. నిబంధనల ప్రకారం ప్రతి కుటుంబం నుంచి ఒక మగ, ఒక ఆడ సభ్యులు ఉండాలి కాబట్టి వారి పేర్లు పుస్తకంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. మాట వినిపించడం మాత్రం అప్పుడే మొదలైంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది, మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఆ రోజుల్లో, పోటు తక్కువగా ఉండే అష్టమి, నవమి చూసుకుని, ఇంటికొక మనిషి చొప్పున పూడిక తీయాలని తీర్మానించాం. రానివారు ఒక రోజు కూలి ఇవ్వాలి. వంట కట్టెల గురించీ, మడలో మేసే గేదెల గురించీ ఇంతకంటే కష్టమైన వాదనలు జరిగాయి. గ్యాసు బండ కొనలేని ఇంటావిడను ఎండు కొమ్మ కూడా ఏరవద్దని అనడం న్యాయం కాదని నేను ఇప్పటికీ నమ్ముతాను. పచ్చి కొమ్మ నరకకూడదని, ఎండినది మోపు కట్టి తలమీద తెచ్చుకోవచ్చని చివరికి ఒప్పుకున్నాం. గేదెల విషయంలో అంత సులువుగా తెగలేదు.

మడ ఉంటే ఉప్పెన ఆగిపోతుందనే మాట మా ఊళ్లోనూ వినిపిస్తుంది, అది ప్రమాదకరమైన మాట. 1999 అక్టోబరు మహా తుఫాను తరువాత ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో జరిగిన పరిశీలనలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా మిగిలిన గ్రామాల్లో ప్రాణనష్టం తక్కువగా ఉన్నట్టు తేలింది. మడ అల బలాన్ని తగ్గిస్తుంది, నీరు ఊళ్లోకి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. అది గోడ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినంతటి ఉప్పెన వస్తే ఇల్లు వదిలి వెళ్లవలసిందే. అందుకే మా కమిటీలో అడవి పని, తుఫాను పని వేరు చేయలేదు. పూడిక తీసేందుకు ఇంటింటి పేరు రాసిన పట్టికే, తుఫాను రోజున ఎవరు తలదాచుకునే తుఫాను భవనానికి చేరారో చూసుకునే పట్టిక కూడా.

ఇది అనుభవంతో నేర్చుకున్నదే. కొన్నేళ్ల క్రితం ఒక వాయుగుండం సమయంలో జనం తుఫాను భవనం దగ్గరకు వెళితే తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికి పొరుగూరు వెళ్లాడు. వర్షంలో పసిపిల్లలతో గంటకు పైగా మెట్ల మీద నిలబడ్డారు. అదృష్టవశాత్తు వాయుగుండం ఉత్తరానికి తిరిగిపోయింది. అప్పటి నుంచి తాళంచెవులు మూడు, మూడు వీధుల్లో మూడు ఇళ్లలో ఉంటాయి, వాటిలో రెండు ఆడవారి దగ్గర. నెలకొకసారి తలుపు తీసి, పంపు పనిచేస్తున్నదో లేదో, మరుగుదొడ్లో నీళ్లు వస్తున్నాయో లేదో చూసి పుస్తకంలో సంతకం పెడతారు. మరుగుదొడ్డి చిన్న సంగతిలా కనిపించవచ్చు. పాత తుఫానుల్లో ఆడవాళ్లు భవనానికి రాకుండా ఇళ్లలోనే ఉండిపోవడానికి ఒక ముఖ్య కారణం అదేనని వారే చెప్పారు. మగవాళ్లు రాకపోవడానికి కారణం వలలు, ఇంజన్లు. లక్షలు అప్పు చేసి కొన్న ఇంజను ఒడ్డున వదిలి రమ్మంటే ఎవరికి మనసు ఒప్పుతుంది? కనుక హెచ్చరిక రాగానే ముందు ఇంజన్లు విప్పి ఎత్తు మీదికి చేర్చడం, తరువాతే మనుషులను పిలవడం అని మా కుర్రాళ్లు క్రమం మార్చారు. అది పుస్తకాల్లో చెప్పే క్రమానికి విరుద్ధమే గాని, ఆ మార్పు వచ్చాక పిలిస్తే రానివారు బాగా తగ్గారు.

ఇటువంటి పనికి గుర్తింపు వచ్చిన చోటు కూడా ఒకటి ఉంది. 2020లో ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి గ్రామాలకు యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం ‘సునామీకి సిద్ధం’ అనే గుర్తింపు ఇచ్చింది. అది మన దేశంలో మొదటిసారి. సునామీ ముంపు పటం, ఊళ్లో దారి చూపే గుర్తులు, ఏటా విన్యాసం వంటి ప్రమాణాలను ఆ గ్రామాలు నెరవేర్చాయి. ఆ పరిశీలన వెనుక హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కృషి ఉంది. నోలియాలంటే మన తీరం నుంచి తరతరాల క్రితం ఉత్తరానికి వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులేనని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. ఆ ప్రమాణాలను మా పుస్తకం చివరి అట్ట లోపల రాసుకున్నాను. వాటిలో కొన్ని మేము ఇప్పటికే చేస్తున్నాం, ముంపు పటం మాత్రం ఇంకా గోడ మీదికి ఎక్కలేదు.

ఈసారి పూడిక రెండు రోజులు ఉంటుంది, పడమటి వైపు కాలువలు కూడా కలిపాం కాబట్టి. పారలు పదహారు ఉన్నాయి, ఇంకా పది కావాలి. తెల్లవారుజామున ఆటు మొదలయ్యేసరికి అందరూ రేవు దగ్గర ఉండాలని నిన్న సాయంత్రం టముకు వేయించాం. ఆ పెద్దావిడ ఇప్పుడు బురదలోకి దిగలేదు. గట్టు మీద కుర్చీ వేయమని, ఏ కాలువ ఎంత లోతు తీయాలో తానే చెబుతానని కబురు పంపింది.