రెండు పచ్చల తీగ కోసం చెన్నైకి

నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు. ఆసుపత్రికనీ, పెళ్లి చీరలకనీ మా వాళ్లు వెళ్లి వస్తూనే ఉంటారు. మొన్న నేను వెళ్లింది మాత్రం మీటరున్నర కరెంటు తీగ కోసం.

సెకండ్ హ్యాండులో కొన్న ఆంప్లిఫయరు పెట్టెకు చెయ్యి తగిలితే జివ్వుమనేది. నాన్న దాచుకున్న ఈమని శంకరశాస్త్రి గారి వీణ రికార్డు పెడితే, మంద్రంలో తీగ మోగి ఆగే చోట సన్నని హోరు. వీణకు ఆ ఆగే చోటే ప్రాణం. గోడలో ఎర్తింగు బాగానే ఉందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాడు. అనుమానం వచ్చి, పెట్టెతో పాటు ఇచ్చిన పవర్ కేబుల్‌ను బ్లేడుతో నిలువునా చీల్చాను. ప్లగ్గుకు మూడు పిన్నులు, పెట్టె వైపు కనెక్టరుకు మూడు రంధ్రాలు, లోపల తీగలు మాత్రం రెండే! ఎర్తు పిన్ను ఉత్త అలంకారం. ఇన్నాళ్లూ పిల్లలు కూడా ఆ పెట్టె ముట్టుకున్నారని తలచుకుంటే గుండె జారింది. ఇక ప్రతి ముక్కా కళ్లతో చూసి కొని, నా చేత్తోనే కట్టుకోవాలనుకున్నాను.

గూడూరులో కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. తడ దాటి ఆరంబాక్కం వస్తే స్టేషన్ బోర్డు మీద తమిళం మొదలవుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ బోర్డు కోసం చూడటం నాకు అలవాటు. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడి నుంచి రిచీ స్ట్రీటుకు నడిచిపోవచ్చు.

ఢిల్లీ నెహ్రూ ప్లేస్, ముంబయి లామింగ్టన్ రోడ్డుల సరసన చెప్పుకునే ఎలక్ట్రానిక్స్ బజారు ఇది. సందులో సగం బైకులే. మిగిలిన సగంలో రిమోట్లు, కెమెరాలు, చార్జర్లు, బుట్టల్లో కుప్పపోసిన కనెక్టర్లు. ఒక దుకాణంలో, పాట మరింత తియ్యగా వినిపిస్తుందంటూ అమ్మే వేలి లావు జడ అల్లికల పవర్ కేబుళ్లు అద్దాల వెనక వేలాడుతున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి, ధర వినగానే బయటికి వచ్చేశాను. మీటరు పెట్టె నుంచి గోడ సాకెట్టు దాకా పదుల మీటర్ల మామూలు రాగి తీగ మీదే కరెంటు వస్తుంది. చివరి మీటరున్నర బంగారంతో చేసినా వీణకు కొత్త తీపి రాదని నా గట్టి నమ్మకం.

నాలుగు దుకాణాలు తిరిగాక, తెలుగు మాట్లాడే ఒక పెద్దాయన కొట్టు దొరికింది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలన్నాను.

"పెట్టె ఎన్ని వాట్లు లాగుతుంది, బాబూ?"

"రెండు వందలండీ."

"230 ఓల్టుల మీద అది ఒక ఆంపియరు కూడా కాదు. 1.5 చాలు. 2.5 అయితే ఈ కనెక్టరు మెడలో సరిగ్గా దూరదు. దూరనిదాన్ని బలవంతాన నెడితే బిగింపు నిలవదు."

తర్వాత లెక్క వేసుకుంటే ఆయన మాటే నిజం. 1.5 వైరు మీటరున్నర పొడవుంటే, రానూపోనూ కలిపి ఒక ఆంపియరు దగ్గర తగ్గేది 0.04 ఓల్టు. అంతే.

"ఇక్కడే కట్టుకుంటావా?" అంటూ ఆయన స్టూలు జరిపారు. తొడుగు ఒలిచాను. గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, మూడోది ఎర్తు. దాని ఒంటి మీద ఆకుపచ్చా పసుపుపచ్చా చారలుగా కలిసి ఉన్నాయి. రెండు పచ్చల ఆ తీగను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పోగులకు టంకపు సీసం (సోల్డర్) పూయబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. సీసం మెత్తన. స్క్రూ ఒత్తిడికి కొన్నాళ్లకు అణిగి బిగువు వదులుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. పోగులు మెలిపెట్టి, పిన్ లగ్గులోకి, అంటే తీగ చివర తొడిగే చిన్న లోహపు ముక్కలోకి దూర్చి, నొక్కుడు శ్రావణంతో ఒక్కసారి గట్టిగా నొక్కమన్నారు. నొక్కాక లాగి చూశాను, కదల్లేదు. ప్లగ్గు లోపల ఎర్తు తీగను మిగతా రెంటికంటే కాస్త పొడుగు ఉంచమన్నారు. ఎవరైనా కేబుల్‌ను గుంజితే ముందు ఫేజే ఊడాలి, ఎర్తు అన్నిటికన్నా చివర ఊడాలి. కేబుల్‌ను బిగించి ఉంచే క్లాంపు పట్టవలసింది బయటి తొడుగును, లోపలి తీగలను కాదు.

మల్టీమీటరుతో పరీక్ష పెట్టాం. లావు పిన్నుకు ఒక ముల్లు, కనెక్టరు నడిమి రంధ్రంలో ఇంకొకటి. బీప్! ఫేజుకు ఫేజు, న్యూట్రల్‌కు న్యూట్రల్ పలికాయి. అడ్డదిడ్డంగా పెట్టి చూస్తే ఎక్కడా పలకలేదు. పని నేర్పినందుకు ఆయన పైసా తీసుకోలేదు.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. కేబుల్ తగిలించి, టెస్టరుతో చూసుకుని, ఆ తర్వాతే వేళ్ల వెనక భాగాన్ని పెట్టెకు ఆనించాను. చల్లటి ఇనుము, అంతే. రికార్డు పెడితే హోరు చాలావరకు లేదు. మిగిలిన కాస్తా, ఆంప్లిఫయరుకు కలిపి ఉన్న సెట్‌టాప్ బాక్సు తీగ పీకగానే ఆగింది. దాని కేబుల్ మరోచోట నేలకు కలవడంతో రెండు ఎర్తుల మధ్య చుట్టు ఏర్పడి, అదే హోరుగా వినిపించింది.

"వీణ మారిందా?" అని నాన్న అడిగారు.

"వీణ మారలేదు నాన్నా. అడ్డం తొలగింది."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నేను వంటింట్లోంచి కత్తెర తెచ్చి, ఇంకెవరి చేతికీ చిక్కకుండా ఆ పాత కేబుల్‌ను జానెడు ముక్కలుగా కత్తిరించాను.