పిల్లలకి ట్విస్ట్ వేరే చోట తగిలింది

మన సస్పెన్స్ సినిమాల్లో హంతకుణ్ని పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. పేరున్న నటుడొకాయన హీరో పక్కన ఊరికే తలూపుతూ, రెండు మంచి మాటలు చెప్పి మాయమయ్యాడంటే వాడేనన్నమాట, అంత డబ్బిచ్చి ఆయన్ని తలూపడానికి పెట్టుకోరు కదా. మొన్న ఇంట్లో పిల్లలతో కూర్చుని చూసిన థ్రిల్లర్ కూడా ఇదే బాపతు. వరుస హత్యలు, ఒక కోపిష్టి పోలీసాఫీసరు, ఆయనకి అండగా ఒక సౌమ్యుడైన డాక్టరుగారు. డాక్టరుగారు తెర మీదకి రాగానే మా ఆయనా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. పిల్లల ముందు నోరు మెదపలేదు.

వాళ్లు పుట్టి పెరిగిందంతా ఇక్కడే, ఈ పరాయి దేశంలో, మన సినిమాల్లో హీరో తప్ప అందరూ కొత్త మొహాలే. కాబట్టి వాళ్లకైనా చివరిదాకా టెన్షన్ ఉంటుందనుకున్నా. ఎక్కడ! ఇంటర్వెల్ పడకముందే "అమ్మా, డాక్టరే" అంది మా అమ్మాయి. ఎలా చెప్పావే అంటే, శవం దొరికిన గదిలో అందరూ లైటు స్విచ్ కోసం తడుముకుంటుంటే ఆయన మాత్రం తిన్నగా వెళ్లి వేశాడట. నేను ఆయన మొహం చూస్తున్నా, అది ఆయన చెయ్యి చూసింది. మావాడిదైతే ఇంకా సింపుల్ లాజిక్. సినిమా మొత్తంలో ఇంత మంచిగా మాట్లాడేవాడు ఇంకెవడూ లేడు, కాబట్టి వాడే.

ముందే తెలిసిపోతే సినిమా పోయినట్టేనా అంటే నేను ఒప్పుకోను. సస్పెన్స్ సినిమాలకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోకి చెప్పిన బాంబు ఉదాహరణ చాలామందికి తెలిసే ఉంటుంది. బల్ల దగ్గర ఇద్దరు కబుర్లాడుతుండగా ఉన్నట్టుండి బాంబు పేలితే చూసేవాళ్లకి 15 సెకన్ల ఉలికిపాటు, బల్ల కింద బాంబుందని ముందే చూపించి ఆ కబుర్లు సాగనిస్తే 15 నిమిషాల సస్పెన్స్. మనకి తెలిశాక కూడా కూర్చోబెట్టాలి, అదీ పనితనం. ఈ సినిమాకేమో మనకి తెలిసిపోయిందన్న సంగతే తెలీదు. చివర్లో డాక్టరుగారు మాస్కు తీస్తుంటే వెనకాల ఒకటే డప్పులు.

అసలు గొడవ ఆ తర్వాత. ఫ్లాష్‌బ్యాక్ మామూలే, డాక్టరుగారి చెల్లెలికి నలుగురు అన్యాయం చేసి, డబ్బుతో కేసు మూయించారు, అందుకని ఆయన నలుగురినీ చంపాడు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. పోలీసాఫీసరు సాక్ష్యాలన్నీ తగలబెట్టి మీరు వెళ్లండి డాక్టర్ అన్నాడు, శుభం కార్డు. నాకిందులో వింతేమీ అనిపించలేదు. పిల్లలిద్దరూ మాత్రం నోరెళ్లబెట్టారు. హంతకుడెవరో తెలియడం వాళ్లకి ట్విస్ట్ కాదు, వాణ్ని వదిలెయ్యడం ట్విస్ట్!

"సాక్ష్యం కాలిస్తే ఆయనా క్రిమినలే కదమ్మా, మరి ఆయన్నెవరు అరెస్ట్ చేస్తారు?" అని మావాడు. కోర్టుకెళ్తే ఏళ్లకేళ్లు పడుతుంది నాన్నా, అప్పటికి సాక్షులు మిగలరు అని ఏదో మొదలుపెట్టాను. వాడు వినడే. 2014లో వెంకటేశ్ 'దృశ్యం' వచ్చినప్పుడు శవాన్ని దాచిన ఆ కుటుంబం పోలీసులకి దొరక్కూడదని అందరిలాగే నేనూ మొక్కుకున్నాను. 2013 నాటి మలయాళం సినిమాకి అది రీమేక్, అక్కడా జనం ఆ ఇంటివాళ్ల వైపే నిలబడ్డారు. డబ్బున్నవాడి మీద కేసు నిలవదన్న అనుమానం మాకు చిన్నప్పట్నుంచీ ఉన్నదే. వీళ్లకి బళ్లో మొదటి ఏడాది నుంచీ ఏమైనా జరిగితే టీచరుకి చెప్పు, పోలీసుకి ఫోన్ చెయ్యి అని నూరిపోశారు, చెబితే ఎవరో ఒకరు వింటారని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఉండాలనే కదా ఇక్కడ పెంచుకుంటున్నాం, మరి సోఫాలో కూర్చుని దాన్ని నేనే ఎందుకు కదిలిస్తున్నట్టు? అలాగని లోకమంతా అంత సవ్యంగా ఉంటుందని చెప్పడానికీ నోరు రాదు. అన్యాయమైపోయినవాళ్లు ఇక్కడా ఉన్నారు, అది కూడా వాళ్లకి తెలియాలి.

మా అమ్మాయి అడిగింది ఇంకోటి. ఇంతకీ ఆ చెల్లెలి పేరేంటమ్మా అని. దండ వేసిన ఫోటో, వానలో పరిగెత్తే ఒక షాటు, అంతే ఆ పిల్ల వేషం, ఒక్క డైలాగు లేదు. పేరు మా ఇద్దరికీ గుర్తు రాలేదు. హంతకుడి బాధకి అరగంట ఇచ్చారు, ఆ అమ్మాయికి ఒక్క నిమిషం ఇవ్వలేదు, అందుకే నాకసలు జాలి కలగలేదు అంది. ఇన్నేళ్లుగా ఇలాంటి సినిమాలు చూస్తున్నా, నేనెప్పుడూ ఆ లెక్క వెయ్యలేదు.

వచ్చే వారం సినిమా ఎంపిక మళ్లీ నా వంతు. ఫ్లాష్‌బ్యాక్ లేని హంతకుడో, కనీసం నోరున్న చెల్లెలో ఉన్న తెలుగు థ్రిల్లర్ ఏదైనా ఉంటే చెప్పండి, మా అమ్మాయి ఇంకో దండ వేసిన ఫోటో చూడనంటోంది.