మూడు తరాలతో మాల్దీవులకు: మా ఇంటి సన్నాహాలు

ఇంగ్లండులో పిల్లలను పెంచుతున్న మా వంటి కుటుంబాలకు సెలవులంటే సాధారణంగా రెండే దారులు. మేము విజయవాడ వెళ్లడం, లేదా అమ్మానాన్నలు ఇక్కడికి రావడం. విజయవాడలో పిల్లలు అతిథులు. వారికి ఏ నీళ్లు పట్టాలి, కారం ఎంత తగ్గించాలి, ఎండలోకి పంపాలా వద్దా అని ఇంటిల్లిపాదీ వారి చుట్టూ తిరుగుతారు. బంధువుల ఇళ్లకు వెళ్లి రావడంలోనే రోజులు గడిచిపోతాయి కనుక తాతయ్యతో తీరికగా మాట్లాడే పూట దొరకడం కష్టమవుతుంది. మేముండే రెడింగ్‌లో అతిథులు అమ్మా నాన్నగారూ. విజయవాడలో బ్యాంకు పనులూ కరెంటు ఆఫీసు పనులూ ఒక్కరే చక్కబెట్టుకునే నాన్నగారు ఇక్కడ బస్సు ఎక్కాలంటే మనవరాలి తోడు కోసం ఎదురుచూస్తారు, అమ్మ చలికి వెరచి వంటింటికే పరిమితమవుతుంది. పిల్లలు ఇక్కడ చూసే అమ్మమ్మా తాతయ్యా వారి సహజమైన ధీమాతో ఉన్న మనుషులు కారు. అందుకే ఈ ఈస్టర్ సెలవులలో వీరిని ఎవరి ఇల్లూ కాని చోట, ఇరుపక్షాలకూ సమానంగా కొత్తదైన చోట కలపాలని నేనూ మావారూ నిర్ణయించుకున్నాం.

మాల్దీవులను ఎంచుకోవడానికి మొదటి కారణం సముద్రం కాదు, వీసా. అమ్మానాన్నలు బ్రిటన్ రావాలంటే బ్యాంకు ఖాతాల వివరాలు, ఆస్తి పత్రాలు, వేలిముద్రల కోసం ప్రయాణం, ఆపైన నిరీక్షణ. మాల్దీవులలో భారతీయులకు విమానాశ్రయంలోనే 90 రోజులు ఉండడానికి ఉచితంగా అనుమతి ఇస్తారు, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న మా పిల్లలకు దొరికేది 30 రోజులు. ఒకే వరుసలో నిలబడినప్పుడు తాతయ్య పాస్‌పోర్టుకు తమ దానికంటే ఎక్కువ గడువు దొరికే దేశాన్ని పిల్లలు చూడడం నాకు ముఖ్యమనిపించింది. పైగా బెంగళూరు నుంచి మాలేకు విమానంలో రెండు గంటల చిల్లర. అక్కడి గడియారం మన దేశపు గడియారం కంటే అరగంట మాత్రమే వెనుక. దూరప్రయాణపు బడలిక అంతా మా మీదే పడుతుంది, అది న్యాయమే.

తేదీల విషయంలో మాకు స్వేచ్ఛ తక్కువ. ఇంగ్లండులో బడి జరిగే రోజుల్లో అనుమతి లేకుండా పిల్లలను సెలవులకు తీసుకువెళితే తల్లికీ తండ్రికీ విడివిడిగా, ఒక్కొక్క బిడ్డకు 80 పౌండ్ల చొప్పున జరిమానా పడవచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. ఈస్టర్ సెలవులు ఏప్రిల్‌లో రావడం మాత్రం కలిసివచ్చింది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ పొడి కాలం, సముద్రం ఎక్కువగా నిలకడగా ఉంటుంది. మేము ఎంచుకున్న దీవి బా అటోల్‌లో ఉంది. 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన ఈ దీవుల సమూహంలోని హనిఫరు అఖాతానికి మాంటా రే చేపలు గుంపులుగా వస్తాయని మా అబ్బాయి చదివి ఉత్సాహపడ్డాడు. కానీ అవి వచ్చే కాలం మే నుంచి నవంబరు వరకు. ఆ సంగతి వాడికి ఇప్పుడే చెప్పాం.

వాడి ఉత్సాహానికి అసలు కేంద్రం సీప్లేన్. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వరకు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సీప్లేన్‌లో ప్రయాణించినప్పుడు కృష్ణ నీళ్ల మీద నుంచి విమానం లేచిన దృశ్యాన్ని నాన్నగారు టీవీలో చూసి, ఆ సాయంత్రమే మనవడికి ఫోనులో వర్ణించి చెప్పారు. ఆ విమానాన్ని తయారుచేసిన డీ హావిలాండ్ కెనడా సంస్థ ట్విన్ ఆటర్ విమానాలే మాల్దీవులలో దీవుల మధ్య తిరుగుతాయని తెలిసినప్పటి నుంచి తాతామనవల మధ్య ఇదే ముచ్చట. వీడియో కాల్ అంటే రెండు మాటలు చెప్పి పరుగెత్తే పిల్లవాడు ఇప్పుడు తాతయ్య ప్రశ్నలకు తెలుగులోనే జవాబులు వెతుక్కుంటున్నాడు. చక్రాలకు బదులు తేలే పడవల వంటి తొట్లు ఎందుకు, పైలట్లు చెప్పులు లేకుండా ఎందుకు నడుపుతారు, అల ఎక్కువైతే ఎలా దిగుతారు అని ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నారు.

నా మనసు మాత్రం అమ్మ మోకాళ్ల దగ్గర ఆగింది. ఈ విమానాల్లోకి పదిహేను మంది వరకు పడతారు, లోపల నిటారుగా నిలబడడానికి వీలుండదు, మరుగుదొడ్డి ఉండదు, ప్రొపెల్లర్ల హోరు తగ్గడానికి చెవుల్లో దూది వంటివి పెట్టుకోవాలి. ఎక్కడానికి నిటారుగా ఉండే కొద్దిపాటి మెట్లు ఉంటాయి. కొన్ని దీవుల దగ్గర విమానం నేరుగా రేవుకు రాదు, సముద్రంలో తేలే బల్లకట్టు దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి పడవలోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల మనిషికి ఊగే బల్లకట్టు మీద నుంచి ఊగే పడవలోకి అడుగు వేయడం చిన్న విషయం కాదు. అందుకని ధర అడిగే ముందే ప్రతి రిసార్టునూ ఈ ప్రశ్న అడిగాను: విమానం ఎక్కడ ఆగుతుంది, పెద్దవారిని చేయిపట్టి దించడానికి ఎంతమంది ఉంటారు? రేవు దగ్గరే ఆగుతుందని స్పష్టంగా రాసి పంపిన దీవినే ఎంచుకున్నాం. పెద్దవారితో ప్రయాణం పెట్టుకున్న వారెవరైనా గదుల ఫోటోలు చూడడానికి ముందు ఈ జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవాలని నా మనవి.

సీప్లేన్లు పగటి వెలుగులోనే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగిన వారికి సాధారణంగా ఆ రోజు విమానం అందదు. బయలుదేరే వేళ కూడా ముందు రోజు సాయంత్రానికి గానీ ఖరారు కాదు. లండన్ నుంచి మేమూ, బెంగళూరు మీదుగా అమ్మానాన్నలూ ఒకే ఉదయం దిగేలా టికెట్లు కుదరలేదు కనుక మొదటి రాత్రి హుల్హుమాలేలో ఉండాలని నిశ్చయించాం. ఇది అవసరం కొద్దీ చేసిన ఏర్పాటే అయినా నాకు ఇప్పుడు చాలా ఇష్టమైన భాగం. సముద్రాన్ని పూడ్చి కట్టిన ఆ ఊళ్లో బడులూ మసీదులూ కూరగాయల దుకాణాలూ ఉన్నాయి. 2018లో తెరిచిన వంతెన మీదుగా రాజధాని మాలేకు వెళ్లి రావచ్చు. దాదాపు 1,200 దీవులున్న ఆ దేశంలో జనం నివసించేవి 200కు లోపే, మొదటి రిసార్టు వచ్చింది 1972లో. అంతకు ముందూ ఆ తరువాతా అక్కడి వారు చేపలు పట్టి, కొబ్బరి పండించి, పిల్లలను చదివించుకున్నారు. మా పిల్లలు నేరుగా రిసార్టులో దిగితే ఆ దేశం తమ కోసం పరిచిన ఇసుక అనుకుంటారు. ముందు ఒక సాయంత్రం అక్కడి పిల్లలు ఆడుకునే వీధుల్లో, మోకాళ్లు దాటిన దుస్తులతో, అక్కడి మర్యాదకు లోబడి నడిచి, ట్యూనా చేపా కొబ్బరీ ఉల్లిపాయా కలిపిన మస్ హునిని రొట్టెతో తిని, ఆ తరువాత దీవికి వెళ్లాలి.

సామాను తూకం దగ్గర అమ్మకూ నాకూ సుదీర్ఘమైన చర్చ జరిగింది. సీప్లేన్‌లో మనిషికి సాధారణంగా 20 కిలోల పెట్టె, 5 కిలోల చేతిసంచి వరకే అనుమతి, మించితే కిలోకు ఇంతని కట్టాలి. మనవల కోసం సున్నుండలూ జంతికలూ కారప్పొడీ అన్నీ తేవాలని అమ్మ కోరిక. నేను వద్దనలేదు, నూనె కారే ఊరగాయలు మాత్రం వద్దన్నాను. భోజనం సంగతి ముందే రాసి అడిగాం. ఆ వంటశాలల్లో భారతదేశం నుంచీ శ్రీలంక నుంచీ వచ్చిన వంటవారు చాలామంది ఉంటారు కనుక శాకాహారానికీ పెరుగన్నానికీ ఇబ్బంది లేదని జవాబు వచ్చింది.

అమ్మ పెట్టెలో మరొకటి ఉంది. ఎక్కడికి వెళ్లినా ఆమె వెంట తీసుకువెళ్లే చిన్న పంచలోహ వేంకటేశ్వరుడి విగ్రహం. మాల్దీవుల కస్టమ్స్ నిబంధనల ప్రకారం పూజావిగ్రహాలను దేశంలోకి తీసుకురాకూడదు. 1153 నుంచి ఇస్లాం ఆ దేశపు మతం, 2008 నాటి రాజ్యాంగం ప్రకారం ముస్లిం కాని వారికి అక్కడ పౌరసత్వం లేదు. ఇది అమ్మకు చెప్పడం నాకు తేలిక కాలేదు. ఆమె కొంతసేపు ఆలోచించి, విగ్రహాన్ని పిన్ని ఇంట్లో ఉంచుతాననీ, విష్ణుసహస్రనామం కంఠస్థమే కనుక పొద్దున్నే మెల్లగా చదువుకుంటాననీ చెప్పింది. మా అమ్మాయికి పన్నెండేళ్లు, నియమాలను ప్రశ్నించే వయసు. అమ్మమ్మ ఎందుకు ఒప్పుకోవాలి, ఇంగ్లండులో మన దేవుణ్ణి ఎవరూ ఆపరు కదా అని అడిగింది. ఆ ప్రశ్న సరైనదేననీ, దేశాలన్నీ ఒకే రకమైన స్వేచ్ఛ ఇవ్వవనీ, ఆ తేడా తెలిసే మనం అక్కడికి వెళుతున్నామనీ చెప్పాను. ఆ నియమాన్ని నేను సమర్థించలేదు. అక్కడి మనుషులను దానితో కొలవవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

అమ్మాయి విషయంలో మరో ముడి ఈత దుస్తులది. బడిలో ఈత నేర్చుకున్న పిల్లకు అది సాధారణమైన విషయం, అమ్మకు కాదు. ఇద్దరినీ విడివిడిగా సర్దిచెప్పి నెట్టుకురావడం నాకు ఇష్టం లేకపోయింది. భూమధ్యరేఖకు దగ్గరి ఎండకు నిండు చేతుల ఈత దుస్తులు అందరికీ కొంటున్నామనీ, ఆపైన ఏం వేసుకోవాలో నిర్ణయం అమ్మాయిదేననీ ఇద్దరూ ఉండగానే చెప్పాను. అమ్మ అభ్యంతరం చెప్పలేదు. చిన్నప్పుడు పరికిణీ ఎగదోపుకుని కృష్ణలో మునకలు వేసిన రోజులు చెప్పి, పంజాబీ డ్రెస్సుతో నడుము లోతు వరకు దిగుతాను, నువ్వు పక్కన ఉంటావా అని మనవరాలిని అడిగింది. నీటి మీద కట్టిన గదులు ఎంత అందంగా ఉన్నా మేము వద్దనుకుని, గుమ్మం ముందు ఇసుక ఉండి లోతు నెమ్మదిగా పెరిగే తీరపు గదులు తీసుకోవడానికి కారణం ఇదే. ఈత రాని పెద్దవారూ, చీకట్లో లేచి తిరిగే చిన్నవాడూ ఉన్న కుటుంబానికి నీళ్ల మీది గదిలో నిశ్చింత ఉండదు.

నాన్నగారి ఏర్పాటు అష్టాచెమ్మా. సాయంత్రాలు ఫోన్లు పక్కన పెట్టి ఆడుదామని ఆయన షరతు. ఒకప్పుడు బెంగాలులో నాణేలుగా చెల్లిన గవ్వలు ఎక్కువగా మాల్దీవుల నుంచే ఓడల్లో వచ్చేవి, 14వ శతాబ్దంలో ఆ దీవుల్లో నివసించిన ఇబ్న్ బతూతా ఆ వ్యాపారాన్ని గురించి రాశాడు. గవ్వలు పుట్టిన చోటే గవ్వలాట ఆడాలని నాన్నగారి సరదా. అయితే పగడాల ముక్కలూ తాబేటి చిప్పలూ ఆ దేశం దాటించడం నిషేధం, కస్టమ్స్ వారి ముందు గవ్వలు ఎక్కడివో నిరూపించే అవసరం రాకూడదని చీల్చిన చింతపిక్కలు తెమ్మన్నాను. తీరాన దొరికిన ఏ గవ్వనూ పెట్టెలో వేయకూడదని పిల్లలకు ముందే చెప్పి ఉంచాం. ఖాళీ గవ్వ కూడా అక్కడి సన్యాసి పీతలకు ఇల్లవుతుంది.

ఖర్చును గురించి పిల్లల ముందు దాపరికం లేకుండా మాట్లాడుకున్నాం. ప్రకటించిన గది ధర మీద సాధారణంగా 10 శాతం సేవా రుసుమూ, 17 శాతం పర్యాటక పన్నూ చేరతాయి. రిసార్టులో మనిషికి రాత్రికి 12 డాలర్ల పర్యావరణ పన్ను వేరే, ఆరుగురికి అది 72. సీప్లేన్‌కు పెద్దవారికి రానుపోను వందల డాలర్లు అవుతుంది. ఇంత డబ్బు పోసి కొనే సౌకర్యం పిల్లల మనసులో ఏం నాటుతుందన్న ఆందోళన నాకు ఉంది. అక్కడ గదులు ఊడ్చేవారూ వడ్డించేవారూ చాలామంది బంగ్లాదేశ్, భారతదేశం, శ్రీలంకల నుంచి భార్యాబిడ్డలను విడిచి వచ్చినవారు, చూడడానికి మా బంధువుల లాగే ఉంటారు. ఇంగ్లండులో పెరుగుతున్న పిల్లలకు తమ రంగు మనుషులు తమకు సేవ చేయడం సహజమన్న భావం కలగకూడదు. ఇందులో నేను అమ్మ మీద ఆధారపడుతున్నాను. ఎదురుపడిన ప్రతి ఒక్కరినీ ఏ ఊరు నాయనా, పిల్లలెందరు అని, భాష కలిసినా కలవకపోయినా అడగకుండా ఆమె ఉండలేదు. పిల్లలు రెడింగ్‌లో ఎన్నడూ చూడని అమ్మమ్మ ఆమె.

మిగిలిన డబ్బు కట్టడానికి ఇంకా గడువు ఉంది. ఈలోగా నాన్నగారు అమ్మను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి, విమానం మెట్ల ఫోటో చూపించి, ఎక్కవచ్చో లేదో అడగబోతున్నారు. వద్దంటే స్పీడుబోటుతో చేరగల దగ్గరి దీవికి మార్చుకుంటాం, ఆ వివరాలు కూడా తెప్పించి పెట్టాను. సీప్లేన్ తప్పిపోవచ్చని అబ్బాయికి చెప్పాం. వాడు కాసేపు ముఖం ముడుచుకుని, అమ్మమ్మ లేకుండా మనం ఎక్కడం లేదు కదా అని అడిగాడు. లేదన్నాం.