ఎడమకాలి చప్పుడు

మొదట అరికాళ్లలో తిమ్మిరి. చెప్పులు మార్చి ఊరుకున్నాను. మూడో రోజుకి మెట్లెక్కడానికి మోకాళ్లు లేవలేదు. అయిదో రోజుకి చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాను. న్యూరాలజిస్టు మోకాలి కింద సుత్తితో తట్టి చూస్తే కాలు ఉలకలేదు, పలకలేదు.

గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. 1916లోనే ఆ పేర్లున్న వైద్యులు వర్ణించిన జబ్బే, నేనే ఎప్పుడూ వినలేదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి నరాల పైపొరను కొరికేస్తుంది. అంతకుముందు రెండు వారాల క్రితం పట్టుకున్న విరేచనాలే దానికి మొదలై ఉండొచ్చట. అయిదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కించారు. ఊపిరి తీసే కండరాలు కూడా బలహీనపడుతున్నాయేమోనని మధ్యమధ్య నర్సు వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చెప్పగలనో చూసేది. ఇరవై దాటితే మా ఆవిడ ఊపిరి పీల్చుకునేది.

పైపొర మాత్రమే పోయిన చోట నరం త్వరగా కోలుకుంటుంది. లోపలి తీగ దెబ్బతింటే రోజుకు సుమారు మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మోకాలి నుంచి పాదానికి ఎన్ని మిల్లీమీటర్లో మంచం మీద పడుకుని లెక్కేసుకున్న రోజులున్నాయి.

ఏడు నెలలకి ఆఫీసుకి వెళ్తానన్నాను. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, 27వ అధికరణంలో, తిరిగి పనిలో చేర్చుకునే కార్యక్రమాల గురించి మాట్లాడుతుంది. మా ఆఫీసు ఫారంలో ఉన్నవి రెండే గళ్లు: ఫిట్, అన్‌ఫిట్. ఏ గడిలో టిక్కు పెట్టినా అబద్ధమేనన్నారు డాక్టరు. దాంతో మూడు వారాలు పోయాయి.

దారి చూపింది మా టీమ్ లీడర్ మేడం. "ఎలా ఉన్నారు?" అని అందరూ అడుగుతుంటే, ఆవిడ ఫోన్ చేసి "ఏ పని కష్టమవుతోంది?" అనడిగారు. దానికి నా దగ్గర జవాబుంది. మౌస్ రెండుసార్లు నొక్కితే ఒకసారే పడుతోంది. కూర్చుంటే పర్లేదు, నిలబడితే పది నిమిషాలు. మధ్యాహ్నం రెండు దాటితే ఫోన్ నంబరు కూడా తప్పు చదువుతున్నాను. ఇవే డాక్టరు కాగితం మీద రాసిచ్చారు. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలతో మొదలెట్టాను.

చేతికర్ర ఉన్నన్నాళ్లూ అందరూ లిఫ్టు ఆపేవారు, మీటింగులు నా సీటు దగ్గరే పెట్టేవారు. కర్ర వదిలేసిన సోమవారం నుంచి "ఇంకేం, పూర్తిగా తగ్గిపోయిందిగా!" పాత పనంతా తిరిగొచ్చింది, నీరసం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ జబ్బులో నడక వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోగలిగేది అదే. కట్టు కట్టడానికి లేదు, చూపించడానికి లేదు. బద్ధకం అనుకుంటున్నారేమోనని రెండు వారాలు సాయంత్రం దాకా కూర్చున్నాను. మూడో వారం మంచం దిగలేదు. తప్పు వాళ్లదెంతో నాదీ అంతే. మేడంతో చెప్పుకోవాల్సింది, సిగ్గుపడ్డాను.

నా ఎడమ పాదం ఇంకా పూర్తిగా పైకి లేవదు. పొద్దున్న బాగానే నడుస్తాను. అలసిపోయానంటే నేల మీద టప్, టప్‌మని చప్పుడొస్తుంది, నాకే తెలియకుండా. పక్క సీటాయన తలెత్తకుండానే "మొదలైంది గురూ, ఇక సిస్టమ్ కట్టెయ్" అంటాడు. కట్టేస్తాను.